విల్లియనూరు స్టేషను: సరిహద్దు పోయినా ముగియని పంపకం

పుదుచ్చేరి నగరానికి రైలు దారి ఒక్కటే. విల్లుపురం వద్ద ప్రధాన మార్గం నుంచి విడిపోయి, తూర్పుగా 38 కిలోమీటర్లు సాగి, సముద్రానికి కూతవేటు దూరంలో ముగిసిపోతుంది. ఆ దారిలో నగరానికి ముందు వచ్చే చివరి స్టేషను విల్లియనూరు. ఢిల్లీ నుంచి వచ్చే రైలైనా, చెన్నై నుంచి వచ్చే రైలైనా దాన్ని దాటాల్సిందే. గోదావరి తీరాన ఉన్న మన యానాం వాసి తన శాసనసభ్యుడు కూర్చునే నగరానికి రైల్లో వెళ్ళదలిస్తే, ఏ దారిన బయలుదేరినా చివరి పది కిలోమీటర్ల ముందు విల్లియనూరును చూడక తప్పదు.

2021 శాసనసభ ఎన్నికల వార్తలు రాయడానికి వెళ్ళినప్పుడు నేను రైల్లో కాక విల్లుపురం నుంచి కారులో వెళ్ళాను. దారిలో ఒక లెవెల్ క్రాసింగు దగ్గర గేటు పడింది. ఇరువైపులా వందలాది మోటారు సైకిళ్ళు ఆగాయి. భోజనం డబ్బాలతో పనికి పోయేవారు, సంచులు తగిలించుకున్న విద్యార్థులు, ఆసుపత్రి చీటీ జేబులో పెట్టుకున్న వృద్ధులు. వాళ్ళంతా వెళ్తున్నది పట్టాలు వెళ్తున్న వైపుకే. రైలు వెళ్ళిపోయింది, గేటు లేచింది, వాళ్ళందరూ రోడ్డు మీదనే ముందుకు కదిలారు. డ్రైవరు వేలు చూపిస్తూ, "ఇక్కడి దాకా తమిళనాడు సార్, ఆ మద్యం దుకాణం నుంచి పుదుచ్చేరి" అన్నాడు. మరి కొంత దూరం పోయాక మళ్ళీ తమిళనాడు వచ్చింది. ఆ తరువాత మళ్ళీ పుదుచ్చేరి. పట్టాల పక్కనే పోతున్న ఆ జనానికి రైలు ఎందుకు పనికి రాకుండా పోయిందన్న ప్రశ్నకూ, ఆ మద్యం దుకాణం చూపించే సరిహద్దుకూ సంబంధం ఉందని అప్పుడు నాకు తోచలేదు. తరువాత చరిత్ర చదువుతూ పోతే తెలిసింది, రెండూ ఒకే కథలోని ప్రకరణాలని.

ఆ కథ రైలు కంటే పాతది. 1749లో కర్ణాటక నవాబు పదవి కోసం పోరాడుతున్న చందా సాహెబు, తనకు సైన్యబలం ఇచ్చిన డూప్లే ఋణం తీర్చుకోవడానికి విల్లియనూరు, బాహూరు ప్రాంతాలను ఫ్రెంచి వారికి ధారాదత్తం చేశాడు. సముద్రపు ఒడ్డున ఒక కోట, ఒక పట్టణంగా ఉన్న పాండిచ్చేరికి అప్పుడు పల్లెలు, పొలాలు, చెరువులు వచ్చి చేరాయి. తరువాతి అర్ధశతాబ్దంలో ఇంగ్లీషువారు 1761లో, 1778లో, 1793లో, 1803లో పాండిచ్చేరిని పట్టుకున్నారు, సంధి కుదిరినప్పుడల్లా తిరిగి ఇచ్చారు. చివరి అప్పగింత 1816లో జరిగింది. ఇలా పట్టుకోవడంలో, తిరిగి ఇవ్వడంలో మిగిలిన భూభాగం ఒక ముద్దగా లేదు, చిరిగిన గుడ్డకు వేసిన మాసికల్లా ఉంది. ఫ్రెంచి పల్లె పక్కన ఇంగ్లీషు పల్లె, దాని అవతల మళ్ళీ ఫ్రెంచి పల్లె. ఈనాటికీ విల్లుపురం రోడ్డు మీద పోయేవారికి సరిహద్దు పదేపదే ఎదురవడానికి కారణం ఆ యుద్ధాల లెక్కలే తప్ప, నదులూ కొండలూ కావు.

అటువంటి నేల మీద 1879 డిసెంబరులో రైలు నడిచింది. అది మీటరు గేజి. ఆ రైలు ఎవరిది? ఇక్కడే మన కథకు కీలకమైన పంపకం మొదలైంది. ఫ్రెంచి భూభాగంలో ఉన్న దాదాపు 8 మైళ్ళ పట్టాలు పాండిచ్చేరి రైల్వే కంపెనీ సొత్తు. అవతలి పట్టాలు బ్రిటిషు ఇండియావి. రెండింటి మీదా బండ్లు నడిపేది దక్షిణ భారత రైల్వే. అంటే విల్లియనూరు వాసి ఎక్కే రైలును నడిపేది ఒకరు, అతని కాళ్ళ కింది పట్టాలకు యజమాని మరొకరు, అతని మీద పాలన చేసే ప్రభుత్వం ఇంకొకటి.

ఆ రైలు వేసింది విల్లియనూరు వాసి కోసం కాదు. పందొమ్మిదో శతాబ్దపు ద్వితీయార్ధంలో దక్షిణ ఆర్కాటు మెట్ట భూముల్లో పండిన వేరుశనగ పాండిచ్చేరి రేవు నుంచి ఓడలెక్కి మార్సెయ్ నగరపు నూనె మిల్లులకు, సబ్బు కర్మాగారాలకు పోయేది. పాండిచ్చేరి నేతగాళ్ళ నీలి గుడ్డ పశ్చిమ ఆఫ్రికాలోని సెనెగల్ దాకా వెళ్ళేది, దాన్ని గినీ గుడ్డ అనేవారు. లోపలి పంటను రేవుకు చేర్చడం, రేవు సరుకును లోపలికి పంపడం అన్నవే రైలు ప్రయోజనాలు. ఆ కాలపు స్టేషన్లలో విశాలమైన స్థలం ఉండేది ఎద్దుబండ్ల కోసం. బస్తాలు దింపుకునే బండి నిలబడేందుకు చోటు చూశారు కానీ, మనిషి పొద్దున వచ్చి తన వాహనం పెట్టి సాయంత్రం తిరిగి తీసుకోవడం అనే అవసరాన్ని అప్పటి ప్రణాళిక లెక్కలోకి తీసుకోలేదు. అది అప్పటికి తప్పు కాదు. నూట నలభై ఏళ్ళ తరువాత కూడా అదే లెక్క కొనసాగడం మాత్రం తప్పు.

పైగా రెండు రాజ్యాల మధ్య సుంకాల తేడా ఉన్నంతకాలం ఈ దారిలో ప్రయాణికుడు అంటే ముందు ఒక అనుమానితుడు. ఫ్రెంచి రేవులో దిగిన సరుకు బ్రిటిషు ఇండియాలోకి రావాలంటే సుంకం కట్టాలి. కనుక సరిహద్దు చుట్టూ చౌకీలు, మూటలు విప్పించే తనిఖీలు ఉండేవి. 1908లో సుబ్రహ్మణ్య భారతి, 1910లో అరవిందులు పాండిచ్చేరికి చేరిన తరువాత ఆ అనుమానం మూటల నుంచి మనుషుల మీదకు కూడా పాకింది. బ్రిటిషు గూఢచారులు ఆ ఊళ్ళో కాపలా కాశారు. 1918 నవంబరులో పాండిచ్చేరి విడిచి బ్రిటిషు నేల మీద అడుగు పెట్టగానే భారతిని కడలూరు దగ్గర అరెస్టు చేశారు. రోజూ పోయి వచ్చే మనిషికి సదుపాయం కల్పించడం ఎవరికీ పట్టని కాలమది. అతన్ని దాటనివ్వాలా వద్దా అన్నదే ప్రశ్న.

1941లో రెండు ప్రభుత్వాలూ సుంకాల ఒప్పందం చేసుకుని ఆ గోడను కొంత తగ్గించాయి. స్వాతంత్ర్యం వచ్చాక అది తిరిగి లేచింది. 1948 జూన్‌లో ఫ్రెంచి స్థావరాల భవితవ్యాన్ని అక్కడి ప్రజలే తేల్చుకుంటారని భారత, ఫ్రాన్సు ప్రభుత్వాలు అంగీకరించాయి. కానీ ప్రజాభిప్రాయ సేకరణ పాండిచ్చేరిలో వాయిదా పడుతూ వచ్చింది. 1949లో సుంకాల ఒప్పందం ముగిసిపోయింది, భారత ప్రభుత్వం చుట్టూ కట్టుదిట్టం చేసింది. ఇక్కడ ఒక వింత గమనించాలి. 1951 ఏప్రిల్ 14న దక్షిణ భారత రైల్వే స్వతంత్ర భారతదేశపు దక్షిణ రైల్వేలో విలీనమైంది. ఆ తరువాత మూడున్నర సంవత్సరాల పాటు ఢిల్లీలోని మంత్రిత్వ శాఖకు చెందిన రైల్వేకు విల్లియనూరు విదేశంలో ఉన్న ఊరు.

ఆ విదేశం స్వదేశమైంది కూడా విల్లియనూరు పరిసరాల్లోనే. 1954 మార్చిలో ఎదువార్ గుబేరు వంటి నాయకులు, అంతవరకు ఫ్రెంచి పక్షాన ఉన్నవారు కూడా, విలీనం వైపు తిరిగారు. నెట్టపాక్కంలో తాత్కాలిక ప్రభుత్వం ఏర్పడింది. జూన్ 13న దడాల రాఫేల్ రమణయ్య నాయకత్వాన యానాం ఫ్రెంచి పాలన నుంచి బయటపడింది. అక్టోబరు 18న విల్లియనూరు కమ్యూన్‌లోని కీళూరు గ్రామంలో శాసనసభ, పురపాలక ప్రతినిధులు 178 మంది సమావేశమై ఓటు వేశారు. 170 మంది విలీనానికి అనుకూలం, 8 మంది వ్యతిరేకం. మూడు రోజుల తరువాత ఢిల్లీలో ఒప్పందం మీద సంతకాలు జరిగాయి. నవంబరు 1న పాలన చేతులు మారింది. చట్టప్రకారం బదిలీ పూర్తయ్యేందుకు మాత్రం 1962 ఆగస్టు 16 దాకా ఆగాల్సి వచ్చింది. మరుసటి సంవత్సరం కేంద్రపాలిత ప్రాంతాల ప్రభుత్వాల చట్టం వచ్చి, పుదుచ్చేరికి శాసనసభ ఏర్పడింది.

చౌకీలు పోయాయి. అయితే 1749 నాటి మాసికల గీతలు పోలేదు, కేంద్రపాలిత ప్రాంతానికీ తమిళనాడుకూ మధ్య సరిహద్దులుగా పేరు మార్చుకున్నాయి. 1879 నాటి పంపకం కూడా పోలేదు. నడిపేవారు ఒకరు, పాలించేవారు మరొకరు అన్న స్థితి రాజ్యాంగంలోనే చోటు సంపాదించింది. ఏడో షెడ్యూలు తెరిచి చూడండి. కేంద్ర జాబితాలో 22వ అంశం రైల్వేలు. రాష్ట్ర జాబితాలో 13వ అంశం కింద రోడ్లు, వంతెనలతో పాటు పురపాలక ట్రాములు ఉన్నాయి. ఈ రెండింటి మధ్య గీత ఎక్కడో 366వ అధికరణం 20వ నిర్వచనం చెబుతుంది. పూర్తిగా ఒక పురపాలక ప్రాంతం లోపలే ఉండే ట్రాము రైల్వే కాదు. మరో విధంగా చెప్పాలంటే, పట్టాలు పురపాలక హద్దు దాటిన మరుక్షణం అది రైల్వే అవుతుంది, ఢిల్లీ చేతిలోకి పోతుంది.

ఈ వాక్యాన్ని విల్లియనూరు మీద పెట్టి చూస్తే దాని బరువు తెలుస్తుంది. పుదుచ్చేరి ప్రాంతంలో పుదుచ్చేరి, ఉళవర్‌కరై అని రెండు పురపాలికలు ఉన్నాయి. విల్లియనూరు వాటి బయట ఉన్న కమ్యూన్ పంచాయతీ. జీవితరీత్యా అది నగరానికి శివారు, ఉద్యోగాలూ చదువులూ ఆసుపత్రులూ నగరంతో ముడిపడినవే. పాలనరీత్యా మాత్రం పల్లె. రేపు పుదుచ్చేరి ప్రభుత్వం సముద్రతీరం నుంచి విల్లియనూరు దాకా ఒక లైట్ రైలు వేయాలనుకుంటే, ఆ నిర్వచనాన్ని అక్షరార్థంలో చదివినప్పుడు, అది ట్రాముగా మొదలై దారి మధ్యలో రైల్వేగా మారిపోతుంది. పార్లమెంటు వేరే చట్టం చేస్తే తప్ప ఆ చిక్కు వీడదు. ఫ్రెంచి కమ్యూన్ల హద్దులు భారత రాజ్యాంగపు నిర్వచనంతో ఇలా తలపడతాయని రాజ్యాంగ రచయితలు ఊహించి ఉండరు. వాళ్ళు రాస్తున్నప్పుడు విల్లియనూరు మన దేశంలో లేదు కూడా.

ఇద్దరు యజమానుల మధ్య శివారు రైలు ఏమవుతుందో తెలుగువారికి వేరే చెప్పనక్కరలేదు. హైదరాబాదు ఎంఎంటీఎస్ 2003 ఆగస్టు 9న మొదలైంది. ఉన్న రైలు పట్టాల మీదనే నగర ప్రయాణికుల కోసం బండ్లు నడపడం అన్న ఆలోచన ఎంత సులువైనదో, అంత ఉపయోగకరమైనది. రాష్ట్రమూ రైల్వే ఖర్చు పంచుకోవడంతో అది సాధ్యమైంది. రెండో దశకు వచ్చేసరికి 816 కోట్ల రూపాయల అంచనాలో మూడింట రెండు వంతులు రాష్ట్రం, ఒక వంతు రైల్వే భరించాలని అనుకున్నారు. ఎవరి వాటా ఎప్పుడు ఇచ్చారన్న వాదం పనికంటే పొడవుగా సాగింది. చివరికి మేడ్చల్, ఉందానగర్ వైపు బండ్లు ప్రారంభమైనది 2023 ఏప్రిల్ 8న. మంజూరుకూ ప్రారంభానికీ మధ్య పదేళ్ళు గడిచాయి. ఆ పదేళ్ళలో మోటారు సైకిలు కొనుక్కున్న మనిషి రైలు వచ్చింది కదా అని దాన్ని అమ్ముకోడు.

చెన్నైలో మరో పాఠం ఉంది. బీచ్ నుంచి చేపాక్కం దాకా 1995లో, మైలాపూరు దాకా 1997లో, వేళచ్చేరి దాకా 2007లో నడిచిన ఎంఆర్‌టీఎస్ స్టేషన్లు పెద్ద పెద్ద కాంక్రీటు భవనాలు. వాటిలో చాలా అంతస్తులు ఏళ్ళ తరబడి ఖాళీగా పడి ఉన్నాయి. రైలు దిగిన మనిషి ఇంటికి ఎలా పోతాడన్నది భవనం కట్టినవారి బాధ్యత కాకుండా పోయింది. బస్సులది ఒక సంస్థ, రోడ్డుది మరొకటి, స్టేషనుది ఇంకొకటి.

పార్కింగు అన్నది చిన్న విషయంగా కనిపిస్తుంది. నిజానికి ఈ పంపకం అంతా ప్రయాణికుడికి తగిలేది అక్కడే. రైల్వే దృష్టిలో స్టేషను ముందరి ఖాళీ స్థలం వేలం వేసి ఆదాయం తెచ్చుకునే ఆస్తి. పురపాలిక దృష్టిలో అది తనది కాని స్థలం. ప్రయాణికుడి దృష్టిలో మాత్రం అది టికెట్టులో భాగం. బండి పెట్టే చోటు లేకపోతే అతనికి రైలు లేనట్లే. హైదరాబాదు మెట్రోలో 2024 ఆగస్టులో నాగోలు, మియాపూరు స్టేషన్ల దగ్గర అంతవరకు ఉచితంగా ఉన్న పార్కింగుకు రుసుము పెట్టబోతే ప్రయాణికులు నిరసనకు దిగారు, నిర్ణయం వాయిదా పడింది. వారు కోపించింది కేవలం పది ఇరవై రూపాయల కోసం కాదు. ఇంటి నుంచి కార్యాలయం దాకా తాము చేసేది ఒకే ప్రయాణమని, దాన్ని ముక్కలు చేసి ముక్కకొక ధర పెట్టవద్దని వారు చెప్పారు. 2017 నాటి జాతీయ మెట్రో రైలు విధానం కూడా ఈ సంగతి గుర్తించింది. స్టేషను చుట్టూ 5 కిలోమీటర్ల మేర జనం దాన్ని చేరుకునే ఏర్పాట్లు ప్రాజెక్టులో భాగంగా ఉండాలని అది అడుగుతుంది. అయితే ఆ విధానం మెట్రోలకు. విల్లియనూరు వంటి పాత స్టేషన్లకు అది వర్తించదు.

ఇక్కడ ఒక అభ్యంతరం రావచ్చు. అంత చిన్న ఊరికి ఇంత చర్చ అవసరమా, పది కిలోమీటర్లకు రైలు ఎవరెక్కుతారు అని అడగవచ్చు. మోటారు సైకిలు మీద అరగంటలో పోయేవాడు స్టేషనులో బండి పెట్టి, రైలు కోసం ఎదురుచూసి, దిగి మళ్ళీ ఆటో ఎందుకు ఎక్కాలి? అభ్యంతరం సబబే. రోజుకు కొద్దిపాటి ప్యాసింజరు బండ్లు, వాటి వేళలు కూడా విల్లుపురంలో దొరికే దూరప్రయాణపు రైళ్ళను బట్టి నిర్ణయమైనప్పుడు ఎవరూ ఎక్కరు. కానీ ఎవరూ ఎక్కడం లేదు కాబట్టి బండ్లు వేయనక్కరలేదని, బండ్లు లేవు కాబట్టి పార్కింగు అక్కరలేదని వాదిస్తూ పోతే, ప్రతి కారణమూ మరో కారణం వెనుక దాక్కుంటుంది. ఆ వలయంలో ఎక్కడో ఒకచోట ప్రభుత్వం అడుగు పెట్టి తెంచాలి. ఎందుకంటే రోడ్డు మీద నడిచే లెక్క కూడా ఉచితం కాదు. దాని ఖర్చు పెట్రోలుగా, ప్రమాదాలుగా, రోడ్డు విస్తరణకు పోయే పొలాలుగా ఆ పల్లెలే కడుతున్నాయి.

పెద్ద లైట్ రైలు ప్రాజెక్టు గురించి కలలు కనమని నేను చెప్పడం లేదు. విల్లియనూరుకు పట్టాలు ఉన్నాయి. మీటరు గేజి పోయి బ్రాడ్‌గేజి వచ్చింది, విద్యుత్తు తీగలూ వచ్చాయి. లేనివి మూడు. మొదటిది, పొద్దున సాయంత్రం పని వేళలకు విల్లుపురం, పుదుచ్చేరి మధ్య తిరిగే చిన్న బండ్లు. ఇది ఒకే వరుస పట్టాల మార్గం కాబట్టి ఎదురెదురు బండ్లు తప్పుకునే ఏర్పాటు సరిగా ఉండాలి. రెండవది, స్టేషను ముందర టికెట్టుతోనే చెల్లుబాటయ్యే నీడ ఉన్న పార్కింగు. మూడవది, పుదుచ్చేరి స్టేషనులో దిగినవారిని ఆసుపత్రులకూ కార్యాలయాలకూ చేర్చే బస్సు. ఈ మూడింటిలో ఒకటి దక్షిణ రైల్వేది, ఒకటి రైల్వే, కమ్యూన్ పంచాయతీ కలిసి చేయాల్సినది, ఒకటి పుదుచ్చేరి ప్రభుత్వానిది. మార్గంలో ఎక్కువ దూరం తమిళనాడులో ఉంది కాబట్టి ఆ రాష్ట్రమూ కూర్చోవాలి. ఒక్కొక్కటి విడిగా చేస్తే మూడూ వృథా అవుతాయి. కలిసి చేస్తే ఖర్చు ఒక ఫ్లైఓవరును మించదని నా అభిప్రాయం.

ఇందుకు రాజ్యాంగ సవరణ అక్కరలేదు, ఒక ఒప్పందం చాలు. కానీ ఒప్పందం అడిగేవారు కావాలి. యానాం ఓటరుకూ విల్లియనూరు ఓటరుకూ లోక్‌సభలో ఉన్నది ఒకే సభ్యుడు. పుదుచ్చేరి ఎన్నికల్లో ప్రతిసారీ వినబడే పెద్ద నినాదం పూర్తి రాష్ట్ర హోదా. ఆ డిమాండులో న్యాయం ఉంది, దానిపై ఈ బ్లాగులో ఇదివరకే రాశాను. అయితే హోదా వచ్చినా రైల్వేలు కేంద్ర జాబితాలోనే ఉంటాయి, తమిళనాడు గీతలు అలాగే ఉంటాయి. విల్లియనూరులో పొద్దున ఏడింటికి బయలుదేరే మనిషికి హోదా కంటే ముందు, ఒక టేబుల్ చుట్టూ ముగ్గురిని కూర్చోబెట్టగల ప్రతినిధి కావాలి.

అది అసాధ్యమని అనేవారు కీళూరు దాకా వెళ్ళి రావాలి. అక్కడ స్మారకం ఉంది, ఏటా ఆగస్టు 16న జెండా ఎగరేస్తారు. రెండు శతాబ్దాల సరిహద్దును తొలగించే పనిని ఆ ఊళ్ళో 178 మంది ఒక్క రోజులో తేల్చారు. వాళ్ళు తొలగించిన సరిహద్దు రాజ్యాలది. ఆ పక్కనే పోయే రైలు దారి మీద మిగిలి ఉన్నది శాఖల సరిహద్దు. దాన్ని కూడా తొలగించినప్పుడే కీళూరులో వేసిన ఓటుకు విల్లియనూరు స్టేషనులో అర్థం పూర్తవుతుంది.